కరెంటు బిల్లు తగ్గించే పనికి డబ్బు ఏ పద్దు నుంచి తేవాలి?

ఏఈ ఎలక్ట్రికల్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ కార్యాలయ సముదాయంలో ఎలక్ట్రికల్ నిర్వహణ చూస్తాను. మూడు బ్లాకులు, ఒక్కోటి ఐదంతస్తులు. చిల్లర్లు (మొత్తం సముదాయం ఏసీకి చల్లటి నీళ్లు తయారుచేసే యంత్రాలు) రెండు, రెండూ పద్దెనిమిదేళ్ల కిందటివి. చోక్‌తో నడిచే పాత 36 వాట్ల ట్యూబులు ఇంకా 1,140 ఉన్నాయి. ఈ అంకె రిజిస్టరులోది కాదు, పోయిన ఏడాది నేనే గది గదికీ తిరిగి లెక్కపెట్టింది. ఏహెచ్‌యూలు, అంటే ఆ చల్లదనాన్ని గదుల్లోకి తోసే పెద్ద ఫ్యాన్ల యూనిట్లు, పద్నాలుగు. ఒక్కదానికీ వీఎఫ్‌డీ (అవసరాన్ని బట్టి మోటారు వేగం తగ్గించే పరికరం) లేదు. స్విచ్ వేస్తే పూర్తి వేగంతో తిరగడం, తీస్తే ఆగిపోవడం, అంతే.

ఎనర్జీ ఆడిట్, అంటే కరెంటు ఎక్కడ ఎంత పోతోంది, ఎంత మిగల్చొచ్చు అనే లెక్క, చేయించాం. ఏడాది బిల్లును 100 అనుకుంటే లెక్క ఇలా తేలింది. లైట్లకు 12 ఖర్చు, ఏటా 8 మిగులు. ఏహెచ్‌యూల వీఎఫ్‌డీలకు, కంట్రోళ్లకు 10 ఖర్చు, 5 మిగులు. చిల్లర్లకు 72 ఖర్చు, 9 మిగులు. మొత్తం 94 పెడితే ఏటా 22 మిగులుతుంది.

ఇంత తేటగా ఉన్న ఫైలు రెండేళ్ల నుంచి ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూనే ఉంది. బిల్లు కట్టడానికి మాత్రం ఏటా డబ్బు వస్తుంది, ఒక్క రోజు ఆలస్యం కాదు. ఆ బిల్లు తగ్గించడానికి అడిగితే 'ఈ ఏడాది కొత్త సామగ్రికి కేటాయింపు లేదు' అని రాసి వెనక్కి పంపుతున్నారు. ఆ ముక్క చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అది జనం కట్టిన పన్ను డబ్బు.

నాకు రెండు సంగతులు తెలియాలి. ఇలాంటి పనికి అప్పు అడగాలా, గ్రాంటు అడగాలా, ఎస్కోకి (కరెంటు ఆదా పనులు చేసి, మిగులుకు పూచీపడే సంస్థకు) అప్పగించాలా? రెండోది: 'లైట్ల మొత్తం చిన్నదే కదా, మన నిర్వహణ నిధుల్లోంచే ముందు అవి మార్చేద్దాం' అని మా పై అధికారి అంటున్నారు. సరేననమంటారా?


పాత ఆడిటర్:

అమ్మా, జవాబు సగం మీ ప్రశ్నలోనే ఉంది. బిల్లు కట్టేది ఒక పద్దు, సామాను కొనేది ఇంకో పద్దు. ఖర్చు ఒక చోట పడుతుంది, మిగులు ఇంకో చోట తేలుతుంది. సామగ్రి పద్దు చూసే అధికారికి మీ 22 కనపడదు, అందులో ఒక్క పైసా ఆయన చేతికి రాదు కాబట్టి. ఇరవై ఆరేళ్లు భవనాల ఎనర్జీ ఆడిట్లు చేశాను. డబ్బు లేక ఆగిన ఫైళ్లు నేను చూసినవి తక్కువ. మిగిలిన డబ్బు ఎవరిదో తేలక ఆగినవే ఎక్కువ.

ముందు లైట్ల సంగతి. మీ పై అధికారిని నొప్పించకుండానే చెప్పండి గానీ, లైట్లు ఒక్కటే మార్చడానికి ఒప్పుకోకండి. లైట్ల పెట్టుబడి ఏడాదిన్నరలో తిరిగొస్తుంది. ఏహెచ్‌యూలది రెండేళ్లు. చిల్లర్లది ఎనిమిదేళ్లు. మూడూ కలిపితే నాలుగేళ్ల మూడు నెలలు. ఈ మూడింటినీ ఒకే కట్టగా కడితేనే చిల్లర్లు గట్టెక్కుతాయి. లైట్ల మీది లాభం ముందే తీసేసుకుంటే, రేపు చిల్లర్ల ఫైలు ఒంటరిగా వెళ్తుంది. ఎనిమిదేళ్లు అనగానే పక్కన పెట్టేస్తారు. తరవాత ఏదో ఒక ఎండాకాలం అవి ఆగిపోతాయి. అప్పుడు తొందరలో, దొరికిన టెండరుకు, దొరికిన మోడల్ కొంటారు. పాలమీది మీగడ ముందే తినేస్తే వెన్నకు ఏమీ మిగలదు. జర్మనీలోని బెర్లిన్ నగరం 1996లో మొదలుపెట్టిన పథకంలో ఇందుకే భవనాలను విడివిడిగా కాక గుంపులుగా కట్టి ఇచ్చారు. త్వరగా తిరిగొచ్చే భవనం, ఆలస్యంగా తిరిగొచ్చే భవనం ఒకే ఒప్పందంలో ఉంటాయి.

ఇంకో కారణం ఇంజనీరింగుది. చోక్‌తో కలిపి ఒక్కో ట్యూబు 46 వాట్ల దాకా లాగుతుంది. అంతే వెలుగుకు ఎల్ఈడీ 20 వాట్లు చాలు. తేడా 26. మీ 1,140తో హెచ్చిస్తే దాదాపు 30 కిలోవాట్లు. ఆ 30 కిలోవాట్లు గదుల్లో వేడిగా మారుతున్నాయి, వాటిని బయటికి తోసేది మీ చిల్లర్లే. అంటే లైట్లు మారిస్తే ఎనిమిది టన్నులకు (ఏసీ టన్నులు, బరువువి కావు) పైగా కూలింగ్ భారం దిగిపోతుంది. కొత్త చిల్లరు సైజు ఆ తగ్గిన భారం మీద కట్టాలి, పాత నేమ్ ప్లేటు చూసి కాదు. నేను చూసిన సగం చోట్ల పాత టన్నేజీనే కొత్త టెండరులో దించేశారు. అందుకని మీ ఆడిటర్లను ఒక మాట అడగండి: చిల్లర్ల 9 మిగులు లెక్కేసింది లైట్లు మారక ముందటి భారం మీదా, మారిన తరవాతి భారం మీదా? ముందటిదైతే ఆ 9 కొంత తగ్గుతుంది. తగ్గినా ఫర్వాలేదు, ఫైలులో నిజమైన అంకె ఉండాలి.

ఇక డబ్బు. నా ఓటు తిరిగే నిధికి. ప్రభుత్వం ఒకసారి కొంత మొత్తం పక్కన పెడుతుంది. భవనాలు అందులోంచి అప్పు తీసుకుని పని చేయించుకుంటాయి, మిగిలిన బిల్లు డబ్బుతో తీరుస్తాయి, తీరిన డబ్బు ఇంకో భవనానికి వెళ్తుంది. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం పెట్టిన లోన్‌స్టార్ అనే నిధి. ధరల నియంత్రణ ఉన్న కాలంలో చమురు సంస్థలు ఎక్కువ వసూలు చేసిన సొమ్ము వివాదాల తరవాత రాష్ట్రాలకు తిరిగి వచ్చింది. 1980ల చివర్లో టెక్సస్ ఆ సొమ్ముతో నిధి పెట్టి ప్రభుత్వ భవనాలకు, విశ్వవిద్యాలయాలకు, బడులకు అప్పులిచ్చింది. నాకు అందులో నచ్చింది అప్పు ఇవ్వడం కాదు, పక్కనే మీటర్లు పెట్టడం. టెక్సస్ ఎ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం వాళ్లు గంట గంటకూ రీడింగులు తీసి చూస్తే, కొత్త సామాను పెట్టిన భవనాల్లో కూడా కంట్రోళ్లు తప్పుగా నడుస్తున్నట్టు తేలింది. వాటిని సరిచేస్తే ఇంకా మిగిలింది. నడుస్తున్న భవనాన్ని ఇలా కొలుస్తూ సరిచేస్తూ ఉండే కంటిన్యువస్ కమిషనింగ్ అనే పద్ధతి అక్కడి నుంచి పుట్టిందే.

రాష్ట్రం దాకా వెళ్లకుండా ఒక్క నగరం లోపలే చేసిందీ ఉంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్ 1995లో ఇంట్రాక్టింగ్ అని మొదలుపెట్టింది. నగరపాలక సంస్థలోని ఎనర్జీ విభాగమే పెట్టుబడి పెడుతుంది. భవనం వాడుకునే శాఖ, బిల్లులో మిగిలింది ఆ విభాగానికి తిరిగి కడుతుంది, పెట్టింది తీరేదాకా. బయటి సంస్థ లేదు, బ్యాంకు లేదు. మీ స్థాయికి ఇది దగ్గరగా ఉంటుంది.

నిధి లేని చోట ఎస్కో దారి. అందులో రెండు రకాలు. ఒకదాంట్లో అప్పు మీది, ఇంత మిగులు వస్తుందని హామీ వాళ్లది. తక్కువ పడితే తేడా వాళ్లు కడతారు. రెండోదాంట్లో డబ్బూ వాళ్లదే, మిగులులో వాటా తీసుకుంటారు. వినడానికి రెండోది సుఖంగా ఉంటుంది గానీ, వాళ్లు తెచ్చే అప్పుకు వడ్డీ మీ ప్రభుత్వం కట్టే దానికన్నా ఎక్కువ. ఆ వడ్డీ మీ మిగులులోంచే పోతుంది.

ఏ దారి పట్టినా, ముందు బేస్‌లైన్, అంటే పని మొదలవక ముందటి వాడకం లెక్క, గట్టిగా కట్టండి. ఒక భవనం సంగతి చెబుతాను. పని చక్కగా చేశాం. ఏడాది తిరిగేసరికి బిల్లు తగ్గకపోగా కొంచెం పెరిగింది. మూసి ఉన్న పై అంతస్తును మధ్యలో తెరిచి, ఇంకో కార్యాలయాన్ని అక్కడికి తెచ్చారు. రెండు వందల మంది, వాళ్ల కంప్యూటర్లు, ఒక సర్వరు గది. మనుషులు పెరిగితే లెక్క ఎలా సరిచేయాలో ఒప్పందంలో ఒక్క వాక్యం లేదు. 'మిగులు ఎక్కడ?' అని జమాఖర్చుల ఆడిట్ అభ్యంతరం పడింది. సంతకం పెట్టిన ఇంజనీరు మూడేళ్లు జవాబులు రాస్తూ కూర్చున్నాడు. ఆయన ఏ తప్పూ చేయలేదు. ఇప్పటికీ నాకు ఆ విషయంలో బాధే, ఆ వాక్యం రాయించాల్సింది నేను.

అందుకే ఐపీఎంవీపీ అని మిగులు కొలిచే పద్ధతుల పుస్తకం ఒకటి ఉంది, 1997 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. అందులో ఎ, బి, సి, డి అని నాలుగు దారులు. మీ లైట్లకు 'ఎ' చాలు: వాట్లు కొలిచి, గంటలు ఒప్పుకుని లెక్కేయడం. చిల్లర్లకు 'బి', వాటికే విడిగా మీటరు. మొత్తం భవనం మీటరు మీద చూసే 'సి' మీకొద్దు. మూడు బ్లాకుల్లో ఎవరు వస్తారో ఎవరు పోతారో చెప్పలేం.

రేపు చేయాల్సిన పని ఒకటి చెప్పి ఆపుతాను. ఒక రాత్రి రెండు గంటలకు మెయిన్ మీటరు చూడండి. ఎవరూ లేనప్పుడు ఆ భవనం ఎంత లాగుతోందో రాసుకోండి.


పద్దుల గుమాస్తా:

అకౌంట్స్ వైపు నుంచి ఒక మాట. పాత ఆడిటర్ గారు మిగిలిన డబ్బు ఎవరిది అన్నారు, ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉండాలి. లేకపోతే ఏమవుతుందంటే, మొదటి ఏడాది మీ బిల్లు 100 నుంచి 78కి దిగుతుంది. మేం మరుసటి ఏడాది అంచనాలు తయారుచేసేటప్పుడు చూసేది పోయిన ఏడాది ఖర్చు. 78 ఉంటే 78 రాస్తాం. ఎవరి మీదా కోపంతో కాదు, మా పద్ధతే అది. మీ అప్పు వాయిదాకు డబ్బు అక్కడితో పోయింది.

కాబట్టి మంజూరు ఉత్తర్వులోనే రెండు వాక్యాలు ఉండేలా పట్టుబట్టండి. అప్పు తీరేదాకా విద్యుత్ పద్దు కేటాయింపు పని మొదలవక ముందటి స్థాయిలోనే ఉంచాలి, టారిఫ్ మారితే దాని మేరకు సవరించాలి. తేడా మొత్తాన్ని ఏడాది చివర మురిగిపోనివ్వకుండా వాయిదాల ఖాతాకు మళ్లించాలి. అమెరికా ఫెడరల్ చట్టంలో దీన్నే ఇంకో రకంగా పెట్టారు: ఎస్కోకి కట్టేదీ కరెంటుకు కట్టేదీ కలిపి, ఒప్పందమే లేకపోతే కరెంటుకు అయ్యే ఖర్చును ఏ ఏడాదీ మించకూడదు. గడువు ఎక్కువలో ఎక్కువ 25 ఏళ్లు. మిగులు ఏటా కొలిచి చూపించాలి. ఈ ఒక్క నిబంధన ఉంటే ఆర్థిక శాఖకు భయం సగం తగ్గుతుంది, వాళ్ల పద్దులో కొత్త భారం ఏమీ పడదు కాబట్టి.

ఇంకో చిక్కు: ఎస్కో ఒప్పందం ప్రభుత్వ అప్పు కింద లెక్కా, కాదా? ఐరోపాలో చాలా ఏళ్లు దీని దగ్గరే ఆగిపోయారు. అప్పు కింద రాస్తే పరిమితి దాటుతుందని ఊళ్లకు ఊళ్లు వెనక్కి తగ్గాయి. 2017లో ఐరోపా యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ మార్గదర్శకం మార్చింది. సామాను నష్టభయం, మిగులు తగ్గే నష్టభయం చాలావరకు ఎస్కో మీద ఉంటే ఆస్తి ఎస్కో పుస్తకాల్లో ఉంటుంది, ప్రభుత్వ పుస్తకాల్లోకి రాదు. మీ దగ్గర ఏ నియమం నడుస్తోందో మీ అకౌంట్స్ అధికారిని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. చివర్లో అడిగితే ఫైలు మొదటికొస్తుంది.


ఇటుక సున్నం:

నేను సివిల్ వైపు మనిషిని. పై రెండు జవాబులూ బాగున్నాయి గానీ, మిగులుతో తీరే అప్పు అనగానే భవనం గోడలు, పైకప్పు, కిటికీలు ఎవరికీ గుర్తుకు రావు. పై అంతస్తు స్లాబు మీద ఇన్సులేషన్ వేస్తే ఆ అంతస్తు చిల్లరు భారం ముప్పై ఏళ్లు తగ్గి ఉంటుంది. కానీ పెట్టుబడి తిరిగి రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టొచ్చు. తిరిగే నిధులు మామూలుగా దానికి అప్పివ్వవు. అది చేయకుండా కొత్త చిల్లర్లు పెడితే, ఎండకు కాగే స్లాబును చల్లబరచడానికి కొత్త యంత్రం కొన్నట్టే.

బ్రిటన్‌లో ఇది కళ్లారా కనిపిస్తుంది. 2004లో పెట్టిన సాలిక్స్ ఫైనాన్స్ ప్రభుత్వ సంస్థలకు వడ్డీ లేని అప్పులిచ్చింది. లైట్లు, కంట్రోళ్లు లాంటి త్వరగా తీరే పనులకు అది బాగా పనికొచ్చింది. పాత బాయిలర్లు తీసి హీట్ పంపులు పెట్టాల్సి వచ్చేసరికి ఆ లెక్క సరిపోలేదు. 2020 నుంచి అలాంటి పనులకు నేరుగా గ్రాంట్లు ఇచ్చే పథకం తెచ్చారు. ఐరోపా యూనియన్ అయితే తిరిగొచ్చే కాలంతో సంబంధం లేకుండా, 2012 ఆదేశంలోనే కేంద్ర ప్రభుత్వ భవనాల విస్తీర్ణంలో ఏటా 3 శాతం బాగుచేయాలని పెట్టింది. 2023లో దాన్ని అన్ని ప్రభుత్వ సంస్థల భవనాలకూ పెంచింది. అలాంటి ఆజ్ఞ ఉంటేనే పైకప్పుకు డబ్బొస్తుంది.


పాత ఆడిటర్:

ఇటుక సున్నం గారూ, మీరన్నది నిజం, నేను పైకప్పు మాట రాయకపోవడం పొరపాటు. అయితే మొత్తం గ్రాంటే కావాలని కూర్చుంటే ఆ అమ్మాయి ఫైలు ఇంకో రెండేళ్లు కదలదు. గ్రాంటు వచ్చిన చోట ఇంకో జబ్బు కూడా చూశాను. డబ్బు ఊరికే వచ్చింది కాబట్టి మిగిలిందో లేదో ఎవరూ కొలవరు. అప్పు తీర్చాల్సిన వాడు మీటరు చూస్తాడు. నా లెక్క ఇది: తొమ్మిది, పదేళ్లలో తీరే భాగం అప్పుగా, దాన్ని దాటిన భాగం గ్రాంటుగా అడగాలి. రెండూ ఒకే అంచనాలో, ఒకే ఫైలులో ఉండాలి. స్లాబు పని ముందు పూర్తయితే చిల్లరు సైజు ఇంకా తగ్గుతుంది.


టెండర్ బల్ల:

ఎస్కో దారి పట్టేటట్టయితే నా అనుభవం రాస్తున్నాను. మామూలు టెండరులా అందరికన్నా తక్కువ ధర వేసినవాడికి ఇస్తే ఈ పని చెడుతుంది. తక్కువ ధర అంటే తక్కువ పని, లైట్లు మార్చి వెళ్లిపోతారు. హామీ ఇచ్చే మిగులులోంచి మనం కట్టేది తీసేస్తే ఒప్పందకాలం మొత్తం మీద మనకు నికరంగా ఎంత మిగులుతుందో చూసి ఇవ్వాలి.

రెండోది, ఎస్కోలు మన దగ్గరికి రావడానికి జంకేది బిల్లులు ఆలస్యమవుతాయని. ఒక సంస్థకు మేం పదకొండు నెలలు ఆలస్యంగా కట్టాం. తరవాతి టెండరుకు ఒక్కరే వచ్చారు, అదీ చాలా ఎక్కువ రేటుతో. ఎస్క్రో ఖాతా (ఆ చెల్లింపుకే కట్టేసి, మూడో పక్షం చేతిలో ఉంచే ఖాతా) పెట్టి విద్యుత్ పద్దు డబ్బు ముందు అందులో పడేలా చేస్తే రేట్లు తగ్గుతాయి. భారతదేశంలో 2009లో నాలుగు ప్రభుత్వ రంగ విద్యుత్ సంస్థలు కలిసి పెట్టిన ఇ.ఇ.ఎస్.ఎల్. అనే పెద్ద ఎస్కోకు ఉన్న బలం ఇదే, చిన్న ఎస్కో మోయలేని పెట్టుబడిని పెద్ద సంస్థ మోయగలదు.


ఏఈ ఎలక్ట్రికల్:

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఒక్కో జవాబూ ప్రింటు తీసి మా పై అధికారికి చూపించాను. లైట్లు విడిగా మార్చడం ఆపారు.

పాత ఆడిటర్ గారూ, మీరు చెప్పినట్టు రాత్రి రెండు గంటలకు వెళ్లాను సార్. వాచ్‌మన్, నేను. మెయిన్ మీటరు 41 కిలోవాట్లు చూపిస్తోంది. భవనంలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. క్లాంప్ మీటరు పట్టుకుని ఒక్కో ప్యానెలూ చూసుకుంటూ వెళ్తే రెండో బ్లాకులో మూడు ఏహెచ్‌యూలు తిరుగుతున్నాయి. చిల్లర్లు ఆపేసి ఉన్నాయి, ఫ్యాన్లు మాత్రం ఒట్టి గాలిని తోస్తున్నాయి. ఒక్కోటి 6 కిలోవాట్లు. వాటి టైమరు ఎప్పుడో కాలిపోతే ఎవరో నేరుగా కలిపేసి వదిలేశారు. ఎన్నేళ్ల నుంచో తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నాకొక సందేహం. మా వాళ్లలో ఒకరు, 'ఇప్పుడే ఆపకు, బేస్‌లైన్ ఎక్కువగా ఉంటేనే రేపు మిగులు ఎక్కువ కనపడుతుంది, ఒప్పందం అయ్యాక ఆపుదాం' అంటున్నారు. ఏం చేయమంటారు?


టెండర్ బల్ల:

ఆయన చెప్పినదాంట్లోనూ అర్థం ఉంది. బేస్‌లైన్ తగ్గితే ఎస్కోలకు ఆసక్తి తగ్గుతుంది. ఒప్పందం నాలుగు నెలల్లో తేలేదైతే ఆగొచ్చేమో.


పాత ఆడిటర్:

వద్దమ్మా. ఈ రోజే ఆపండి. 18 కిలోవాట్లు, ఆఫీసు లేని గంటలు ఏడాదికి 6,260. లక్షా పన్నెండు వేల యూనిట్ల పైమాట. మీ లైట్లు రోజుకు పది గంటలు, ఏడాదికి 250 రోజులు నడుస్తాయనుకుంటే, వాటిని మార్చినందుకు మిగిలేది 74 వేల యూనిట్లు. మూడు వైర్లు విప్పితే మిగిలేది 1,140 ట్యూబులు మార్చినదానికన్నా ఎక్కువ. తెలిసి ఒక్క రాత్రి నడిపినా, అది తెలిసి వృథా చేసినట్టు. పైగా ఆ సంగతి ఎస్కో చేతికి దొరికితే, మీ టైమరు బాగుచేసినందుకు ఏళ్ల తరబడి వాళ్లకు వాటా కట్టాలి.

ఆపేటప్పుడు తేదీ, సమయం, ముందు రీడింగు, తరవాత రీడింగు రాసి మీరు, వాచ్‌మన్ సంతకాలు పెట్టండి. మీ ఆడిటర్లు లెక్కేసింది పగటి గంటలకే అయితే ఆ 22కు ఏమీ కాదు. ఇది వేరే మిగులు. దీన్ని పద్దుల గుమాస్తా గారు చెప్పిన రెండు వాక్యాలతో కలిపి వేరే నోటుగా పంపండి. స్థిర చార్జీలు పోను చూసినా, లైట్లకు కావలసిన 12లో చాలా భాగం ఏడాదిలో ఇక్కడే దొరుకుతుంది. అడిగే అప్పు అంత తగ్గుతుంది.


ఏఈ ఎలక్ట్రికల్:

ఆపేశాను సార్. నిన్న సాయంత్రం ఆరున్నరకు, ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని. రాత్రి మళ్లీ రెండు గంటలకు చూస్తే 23. రెండు రీడింగుల ఫోటోలు, సంతకాల కాగితం ఫైలులో మొదటి పేజీలుగా పెట్టాను. నోటు రాస్తున్నాను, ఆ రెండు వాక్యాలు అందులో చేర్చాను. చిల్లర్ల 9 ఏ భారం మీద లెక్కేశారో ఆడిటర్లను అడిగాను, రేపు చెబుతామన్నారు. మిగిలిన ఆ 23 ఎక్కడికి పోతోందో చూడటానికి ఈ శనివారం రాత్రి మూడో బ్లాకు ప్యానెళ్లు తెరుస్తున్నాను.